ఆరోగ్య నిబంధనలు, రక్తసంబంధములు

అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనలకు ప్రపంచ ఆరోగ్య సభ 2024 జూన్ 1న ఆమోదించిన సవరణలు 2025 సెప్టెంబరు 19 నుండి అమలునకు వచ్చినవి. "మహమ్మారి అత్యవసర స్థితి" అను క్రొత్త మాట యొకటి వీనితో చట్టభాషలో చేరినది. మన పిల్లలు పెక్కుమంది కాపురముండు అమెరికా ఈ సవరణలను 2025 జూలైలో తిరస్కరించినది. జెనీవాలో జరుగు ఇట్టి చర్చలు హోసూరులోను, బళ్ళారిలోను, బరంపురములోను, షోలాపురములోను ఉన్న మన గృహములకు ఎంతో దూరమని తోచవచ్చును. కాని 2020 మార్చి మొదలు రెండేండ్లపాటు విదేశములలోని బిడ్డల కొరకు దారులు చూచిన తలిదండ్రులకు ఇది దూరపు సంగతి కాదు. తిరిగి అట్టి ఉపద్రవము రాక మునుపే నాటి అనుభవమును నెమ్మదిగా తలపోసికొని, మనము కోరవలసిన దేమో తేల్చుకొనుట మంచిదని మా యభిప్రాయము.

అంటువ్యాధి ప్రబలినపుడు రాకపోకలను అదుపుచేయుటకు ప్రభుత్వములకు అధికారము ఉన్నది, ఉండవలెను. ఈ విషయమున మాకు సందేహము లేదు. తెగులు సోకిన ప్రాంతములనుండి వచ్చువారిని నెలదినములు ఊరివెలుపల నిలుపవలెనని రగూసా నగరము 1377లోనే శాసనము చేసెను. మన పెద్దలకును ఇది ఎరుగని పద్ధతి కాదు. సింహళపు తోటలకు కూలికి పోవువారిని మండపము శిబిరములో ఆపి, పరీక్షించిన పిమ్మటనే ఓడ యెక్కనిచ్చెడివారు. మశూచి భూమిమీద నశించినదని 1980లో ప్రకటించు కాలమువరకు టీకా పత్రము లేక విదేశయాత్ర సాగెడిది కాదు. అయితే ఆ పత్రము ఒకమారు పుచ్చుకొన్నచో మూడేండ్లు చెల్లెడిది. ఎల్లో ఫీవరు టీకా పత్రమైతే 2016 నుండి జీవితాంతము చెల్లుచున్నది. కోవిడ్ దినములలో మన చేతికి వచ్చిన పరీక్ష కాగితమునకు ఆయుర్దాయము 72 గంటలు.

ఈ 72 గంటల లెక్కలో ఎందరు చిక్కుకొనిరో! నమూనా ఇచ్చిన వేళనుండి లెక్కింపవలెనా, ఫలితము వచ్చిన వేళనుండియా? మొదటి విమానము బయలుదేరువరకా, నడుమ మారు విమానము బయలుదేరువరకా? ఒక్కొక్క దేశము ఒక్కొక్క విధముగా చెప్పెను. అమెరికా 2021 జనవరి 26 నుండి మూడు దినముల లోపలి పరీక్షను కోరెను. అదే సంవత్సరము డిసెంబరు 6 నుండి దానిని ఒక్క దినమునకు కుదించెను. 2022 జూన్ 12న పూర్తిగా తీసివేసెను. రెండేండ్లు నిండిన పసివానికిని ఈ పరీక్ష తప్పలేదు. దుబాయి మొదలగు చోట్లకు పోవువారు ఇంటివద్ద చేయించుకొన్న పరీక్ష చాలక, విమానము కదలుటకు కొన్ని గంటల ముందు విమానాశ్రయములో మరల చేయించుకొనవలసి వచ్చెను. బరంపురమునుండియో రాజపాళయమునుండియో రాత్రంతయు ప్రయాణము చేసి వచ్చిన ముసలివారు అచ్చట పాజిటివ్ అని తేలినచో ఏమి కావలెను? కుటుంబములో నలుగురికి టికెట్లుండి ఒక్కనికి ఫలితము చెడినచో తల్లి ఎవరితో ఉండవలెను, ఎవరితో పోవలెను? జబ్బు తగ్గి కొన్ని వారములైనను ఈ పరీక్షలో వైరసు జాడ కనబడుట కలదని వైద్యు లెరుగుదురు. అందుచేతనే అమెరికా, తొంబది దినముల లోపల జబ్బుపడి కోలుకొన్న వారికి వైద్యుని పత్రము చాలునన్నది. అన్ని దేశములును ఆ వివేకము చూపలేదు.

పరదేశములను నిందించుటకు ముందు మన దేశమున జరిగిన దానిని చెప్పవలసి యున్నది. 2020 మార్చి 13 నుండి వీసాలతో పాటు ఓ.సి.ఐ. కార్డుల సౌకర్యమును మన ప్రభుత్వము నిలిపివేసెను. మే 7 నుండి వందే భారత్ విమానములు బయలుదేరినపుడు దీని ఫలితము తెలిసినది. ఉద్యోగములకై అమెరికా వెళ్ళిన దంపతులు భారత పౌరులు. అచ్చట పుట్టిన బిడ్డ అమెరికా పౌరుడు. తల్లికిని తండ్రికిని విమానములో చోటున్నది; చంకలోని బిడ్డకు లేదు. ఉద్యోగము పోయి, వీసా గడువు తీరి, లక్ష రూపాయలు పెట్టి టికెట్టు కొనుటకు సిద్ధపడిన వారును అచ్చటనే చిక్కుకొనిరి. మే 22న ఈ నిర్బంధమును సడలించి, అట్టి పసివారిని, కుటుంబములో మరణాదులు సంభవించినవారిని రానిచ్చిరి. ఓ.సి.ఐ. కార్డుదారు లందరికిని ద్వారములు తెరచుటకు అక్టోబరు 21 వరకు ఆగవలసి వచ్చెను. పాలు త్రాగు బిడ్డను తలిదండ్రులనుండి వేరుచేయవలెనని ఏ అధికారియు కోరి యుండడు. అయినను ఉత్తరువు వ్రాయునపుడు ఆ బిడ్డ ఎవరికిని స్ఫురణకు రాలేదు. మరుసటి యేడు అమెరికా భారతదేశమునుండి వచ్చు వీసాదారులను నిషేధించినపుడు కథ తారుమారైనది. అమెరికాలో పుట్టిన మైనరు బిడ్డ ఉన్న తలిదండ్రులకు మినహాయింపు కలదు, బిడ్డలు లేనివారికి లేదు! 2021 మే 4 నుండి నవంబరు 8 వరకు ఈ నిషేధము సాగినది. తండ్రి కర్మకు వచ్చిన కుమారుడు తిరిగి ఉద్యోగమునకు పోలేక, మూడవ దేశములో పదునాలుగు దినములు గడపుటకు దారి వెదకుకొనవలసి వచ్చెను.

కర్మల ప్రసక్తి వచ్చినది గనుక కొంత విపులముగా చెప్పెదము. 2020 మేలో మన ప్రభుత్వము విధించిన నియమము ప్రకారము విదేశమునుండి వచ్చినవారు ఏడు దినములు స్వంత ఖర్చుతో బసలోను, ఏడు దినములు ఇంటిలోను ఉండవలెను. ఇంటిలో మరణము సంభవించినవారు, గర్భిణులు, చిన్నబిడ్డలు గలవారు పదునాలుగు దినములును ఇంటిలోనే ఉండవచ్చును. ఈ దయ మంచిదే. కాని ఆగస్టు 8 నుండి ఈ మినహాయింపునకు ప్రయాణమునకు కనీసము 72 గంటల ముందు అంతర్జాలములో అర్జీ పెట్టవలెనన్నారు. మృత్యువు 72 గంటల ముందు కబురంపి వచ్చునా? మన యిండ్లలో దహనము మరునాటికి దాటదు; పదవ దినము, పదునొకండవ దినము గడచినచో పెద్దకర్మకు కుమారుడు వచ్చియు రానివాడే. విమానము దొరకి, అర్జీకి జవాబు వచ్చి, పరీక్ష ముగిసి, ఇల్లు చేరునప్పటికి ఎన్ని దినములు మిగులును? కొడుకు చేయవలసిన పనిని అల్లుడో, తమ్ముని కొడుకో చేయగా, వాడు ఫోనులో చూచిన ఇండ్లు ఎన్నియో మన సంఘములోనే కలవు. పుట్టుక విషయమును ఇట్టిదే. కూతురు పురిటికి తల్లి దగ్గరుండుట మనకు లాంఛనము కాదు, అవసరము. వీసా కార్యాలయములు మూతపడి, తెరచిన పిమ్మట వరుసలు పెరిగి, 2022 చివరి నెలలలో మొదటిసారి అమెరికా సందర్శక వీసా కోరిన వారికి ముఖాముఖికి రెండేండ్లకు మించిన వాయిదా చూపుచుండెను. మనుమరాలు నడక నేర్చి, మాటలు నేర్చిన తరువాత గాని అమ్మమ్మ వీసా రాదు.

తక్కిన దేశముల మాట క్లుప్తముగా చెప్పుదుము. కెనడా 2021 ఏప్రిల్ చివర మనదేశపు విమానములను ఆపి, మూడవ దేశములో పరీక్ష చేయించుకొని రండనగా, మనవారు మెక్సికో, సెర్బియాల మీదుగా చుట్టుతిరిగి పోయిరి. ఆస్ట్రేలియా చేసినది దీనికంటె ఘోరము. 2021 మే 3 నుండి 15 వరకు, భారతదేశములో ఉండి వచ్చు తన పౌరులకే అయిదేండ్ల కారాగారమో, 66,600 డాలర్ల జరిమానాయో విధింపవచ్చునని ఉత్తరువు చేసెను. స్వదేశములో అడుగిడు హక్కును ఎవరికిని అకారణముగా తొలగింపరాదని చెప్పు అంతర్జాతీయ పౌర, రాజకీయ హక్కుల ఒడంబడిక 12వ అధికరణమునకు ఆ దేశమును కట్టుబడినదే. అయితే ఆ దేశమే అదే సంవత్సరము నవంబరు 1 నుండి, పెద్దవారైన పౌరుల తలిదండ్రులనుగూడ దగ్గరి కుటుంబముగా గుర్తించెను. పదునెనిమిది మాసములకు పైగా తల్లిదండ్రులు "కుటుంబము" కారని చెప్పి, అటుపిమ్మట అగుదురని ఒప్పుకొనుట విచిత్రమే యైనను, దిద్దుబాటు దిద్దుబాటే.

ఇదియే అసలు విషయమని మా నమ్మకము. ఈ నిబంధనలు వ్రాసినవారి దృష్టిలో కుటుంబమనగా భార్య, భర్త, మైనరు పిల్లలు. మన కుటుంబము అంతటితో ఆగదు. తాతమ్మలు, మేనమామలు, మేనత్తలు లేని శుభము మనకు లేదు, వారు రాని అశుభమును లేదు. మేనమామ నందరిని విమానము ఎక్కింపుమని మేము అడుగుటలేదు. తలిదండ్రులను, తాతమ్మలను, తోడబుట్టిన వారిని మాత్రము కుటుంబములో చేర్చుమనుచున్నాము.

ఖర్చు సంగతి. 2005 నాటి అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనల 40వ అధికరణము, నివాసము కోరి వచ్చువారు తప్ప తక్కిన ప్రయాణికులనుండి, ప్రభుత్వము విధించిన నిర్బంధ వాసమునకు రుసుము పుచ్చుకొనరాదని చెప్పుచున్నది. ఇంగ్లండు 2021 ఏప్రిల్ 23న మనదేశమును ఎఱ్ఱ పట్టికలో చేర్చి, పది దినముల బసకు మనిషికి 1,750 పౌన్లు తీసికొనెను. మనదేశమును బస ఖర్చును ప్రయాణికులమీదనే పెట్టెను. సంతకము పెట్టిన నియమమును సౌకర్యము లేనప్పుడు మరచుట పెద్ద దేశములకును చిన్న దేశములకును అలవాటై పోయినది.

ఇక మనకు ప్రత్యేకముగా తగిలిన చిక్కు ఒకటి కలదు. మన ఇంటిపేర్లు ముందు వచ్చును. తమిళదేశములోని మనవారు తండ్రి పేరులోని తొలి అక్షరముతో సరిపుచ్చుకొందురు. షోలాపురములోని మనవారు మహారాష్ట్ర పద్ధతిని ఇంటిపేరును చివర వ్రాయుదురు. పాస్‌పోర్టులో ఒక తీరు, ఆధారు కార్డులో ఒక తీరు, ఆధారు ననుసరించి ఇచ్చిన టీకా పత్రములో మరియొక తీరు. "కె. వెంకటలక్ష్మి" ఎవరో, "కొండా వెంకటలక్ష్మి" ఎవరో విమానాశ్రయములోని గుమాస్తాకు తెలియదు. 2021 జూన్‌లో కోవిన్‌లో పాస్‌పోర్టు సంఖ్య చేర్చుటకును, పేరు దిద్దుకొనుటకును వీలు కల్పించిరి. తరువాత ఇంగ్లండు, మన టీకా పత్రముమీద పుట్టినతేది లేదని పట్టుబట్టగా దానినిగూడ చేర్చిరి. అక్టోబరు 11 నుండి కోవిషీల్డు పుచ్చుకొన్న వారికి అచ్చట నిర్బంధవాసము తప్పినది. కోవాక్సిన్ వేయించుకొన్న వారు ప్రపంచ ఆరోగ్య సంస్థ నవంబరు 3న దానిని గుర్తించువరకు, టీకా పడియు పడనివారి లెక్కలోనే ఉండిరి. ఏ టీకా దొరకినచో అది వేయించుకొండని చెప్పినది ప్రభుత్వమే గదా!

ఎయిర్ సువిధ పత్రమును నింపుటకు ఎందరు పెద్దవారు పొరుగింటి కుర్రవానిని బతిమాలుకొనిరో మాకు తెలియును. 2022 నవంబరు 22న అది రద్దైనది. 2023 మొదట కొన్ని దేశములనుండి వచ్చువారి కొరకు కొలది వారములు మరల తలయెత్తి పోయినది. ఇంటిలో తెలుగు మాటలాడుచు, తమిళ లిపిలోనో కన్నడ లిపిలోనో చదువుకొన్న తాతగారికి ఆంగ్లపత్రమును తెలుగు లిపిలో ఇచ్చినంత మాత్రమునను సరిపోదు. గట్టిగా చదివి వినిపించు గొంతు కావలెను. ఫోనులో జవాబు చెప్పు మనిషి కావలెను. తన ఫిర్యాదును కేంద్రములోగాని రాష్ట్రములోగాని వాడుకలోనున్న ఏ భాషలోనైనను చెప్పుకొను హక్కును రాజ్యాంగము 350వ అధికరణములో ఇచ్చినది. ఆ హక్కు విమానాశ్రయపు గడప దాటునో లేదో ఇంతవరకు ఎవరును పరీక్షించి చూడలేదు. హైదరాబాదులో దిగి బళ్ళారికి, చెన్నపట్నములో దిగి హోసూరునకు పోవువారికి రాష్ట్రమునకొక అనుమతి పత్రము, రాష్ట్రమునకొక దినముల లెక్క ఉండినది. సరిహద్దు జిల్లాల వారమగు మనమీదనే ఈ బరువు ఎక్కువగా పడినది.

మన తప్పు అసలే లేదని మేము అనము. జ్వరమును మాత్రలతో అణచి విమానమెక్కిన వారును, దళారివద్ద కొనిన దొంగ ఫలితపు కాగితములు చూపినవారును ఉండిరి. వారి వలన ఇతరులకు కలిగిన కీడు చిన్నది కాదు. నిబంధన న్యాయముగా, తెలియునట్లుగా ఉన్నచో తప్పించుకొనువారు తగ్గుదురని మాత్రము చెప్పగలము.

కావున కేంద్ర ఆరోగ్య శాఖకును, విదేశాంగ శాఖకును మన సంఘము ఒక వినతిపత్రము సమర్పింపవలెనని మేము సూచించుచున్నాము. మరణము, పురుడు కారణములుగా వచ్చు అర్జీలకు ఒక దినము లోపల జవాబు ఈయవలెను. ఉత్తరువు మారునపుడు అప్పటికే దారిలో నున్నవారికి పాత ఉత్తరువే వర్తింపవలెను. ఆకాశములో ఉన్న మనిషికి క్రింద నియమము మారినదని చెప్పుట ధర్మము కాదు. తలిదండ్రులు కుటుంబమే యని నిర్వచనములోనే వ్రాయవలెను. దీని ప్రతిని భాషా అల్పసంఖ్యాకుల కమిషనరునకును పంపవచ్చును. వినతిపత్రమునకు ఆధారములు కావలెను. ఆ దినములలోని టికెట్లు, తిరస్కరణ ఉత్తరములు, పరీక్ష రసీదులు ఇంకను దాచుకొన్నవారు నకళ్ళను సంఘ కార్యాలయమునకు పంప ప్రార్థన. తెలుగు లిపి రానివారు తమిళ, కన్నడ, ఒడియా, మరాఠీ లిపులలో వ్రాసినను చదివించుకొందుము.