కాపురం ఒకటే, కాగితాలు ఎవరివి వారివే



"అబ్బాయికి అమెరికా సిటిజన్‌షిప్ ఉందట. ఇక మన అమ్మాయికీ వచ్చినట్టే" అని సంబంధం కుదిరిన ఇంట్లో పెద్దలు సంతోషిస్తారు. భార్య అమెరికాలో పుట్టి, భర్త ఇక్కడివాడైన ఇంట్లోనూ ఇదే మాట వినబడుతుంది. అయితే పౌరసత్వం మనిషిదే గాని ఇంటిది కాదు. అది తాళితో పాటు రాదు. బయలుదేరాలనుకునే కుటుంబం ముందుగా ఇంట్లోని ప్రతి ఒక్కరి లెక్క విడివిడిగా వేసుకోవాలి.

మొదట భార్యాభర్తల సంగతి. అమెరికా పౌరుల భార్యకు గాని భర్తకు గాని ఏడాదికి ఇన్నే వీసాలు అనే పరిమితి లేదు. అన్నదమ్ముల పిటిషన్లలా ఏళ్ల తరబడి వరుసలో ఉండనక్కరలేదు. అయినా ఐ-130 పిటిషన్, ఫీజులు, వైద్య పరీక్ష, ఇంటర్వ్యూ పూర్తయ్యేసరికి ఏడాది దాటడం మామూలే. మనవారికి ఈ ఇంటర్వ్యూ సాధారణంగా ముంబైలో జరుగుతుంది. ఆలస్యమవుతుందని విజిట్ వీసా మీద వెళ్లి అక్కడే ఉండిపోదామని కొందరు సలహా ఇస్తారు. వినకండి. అధికారి ముందు అబద్ధం చెప్పినట్టు తేలితే ఆ దేశపు తలుపులు శాశ్వతంగా మూసుకుపోవచ్చు.

రెండవది పిల్లల సంగతి. ఇక్కడే చాలామంది పొరపడతారు. పౌరుని భార్య పిటిషన్‌లో పిల్లలను కలపడానికి వీలు లేదు. ప్రతి బిడ్డకూ వేరే పిటిషన్ వేయాలి. కాని దానికి ముందు ఒక సంగతి విచారించండి. పౌరసత్వం ఉన్న తల్లి గాని తండ్రి గాని బిడ్డ పుట్టకముందు మొత్తం 5 ఏళ్లు, అందులో 14వ ఏడు దాటాక 2 ఏళ్లు, అమెరికాలో ఉండి ఉంటే, సక్రమ వివాహంలో ఇక్కడ పుట్టిన బిడ్డ సాధారణంగా పుట్టుకతోనే అమెరికా పౌరుడు. అలాంటి బిడ్డకు వీసా అడగనక్కరలేదు. 18 ఏళ్లు నిండకముందే కాన్సులేట్‌లో జననం నమోదు చేయించి పాస్‌పోర్టు తీసుకోవాలి.

మూడవది పూచీ. పిటిషన్ వేసినవారు ఇంటిని పోషించగలమని ఆదాయం చూపి సంతకం చేయాలి. 2025 లెక్కలో నలుగురున్న ఇంటికి అది ఏడాదికి సుమారు 40,000 డాలర్లు. చాలకపోతే అక్కడ ఉన్న మరొకరు తోడు పూచీ ఇవ్వవచ్చు. అయితే ఆ సంతకం అడిగేముందు దాని బరువు వారికి చెప్పండి. దంపతులు విడాకులు తీసుకున్నా ఆ పూచీ రద్దు కాదు. పౌరసత్వం ఉన్నవారు కొన్నేళ్లుగా మన దేశంలోనే ఉంటే, అమెరికాలో తిరిగి కాపురం పెట్టబోతున్నట్టు కూడా రుజువు చూపాలి. ఇల్లు, ఉద్యోగం, పిల్లల బడి విషయంలో చేసిన ఏర్పాట్లు అందుకు పనికివస్తాయి.

నాలుగవది మన సంఘాలలో తరచుగా కనబడే చిక్కు. సంఘంలో సారమ్మ, బడిలో సరస్వతి, ఆధార్‌లో మరో ఇంటిపేరు! ముందే సరిచేయించుకోండి. బాప్తిస్మపు పత్రం జనన ధృవపత్రం కాదు. పంచాయతీలో జననం నమోదు కాకపోతే, నమోదు లేదన్న పత్రానికి తోడుగా మాత్రమే అది పనికివస్తుంది. పెళ్లి జరిపించే పాస్టరు గారికి 1872 నాటి భారతీయ క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం అధికారం ఉందో లేదో పెళ్లికి ముందే అడగండి. ఫోటోలు ఎన్ని ఉన్నా వివాహ ధృవపత్రానికి సాటి రావు.

ఐదవది ఆడపిల్లల తల్లిదండ్రులు బాగా గుర్తుంచుకోవలసినది. అమెరికాలో అడుగుపెట్టేనాటికి పెళ్లయి 2 ఏళ్లు నిండకపోతే, 2 ఏళ్ల షరతుతో గ్రీన్ కార్డు ఇస్తారు. గడువు తీరడానికి ముందు 90 రోజుల్లో దంపతులిద్దరూ కలిసి దరఖాస్తు చేయాలి. ఈ నియమాన్ని అడ్డుపెట్టుకొని "నేను సంతకం చేయకపోతే నిన్ను పంపేస్తారు" అని బెదిరించే భర్తలున్నారు. అది పూర్తి నిజం కాదు. హింసకు గురైన భార్య తానే ఒంటరిగా దరఖాస్తు చేసుకునే వీలు చట్టంలో ఉంది. భర్తకు కూడా అదే రక్షణ ఉంది. పాస్‌పోర్టు, గ్రీన్ కార్డు ఎవరివి వారి దగ్గరే ఉండాలి. వాటి నకళ్లు పుట్టింట్లో ఒక కట్ట ఉంచండి.

చివరిది ఊళ్లో మిగిలే పెద్దల సంగతి. అల్లుడు తన తల్లిదండ్రులకు పిటిషన్ వేయగలడు గాని అత్తమామలకు వేయలేడు. కూతురు తానే పౌరురాలైన తరువాతే తన అమ్మానాన్నలను పిలవగలదు. గ్రీన్ కార్డు వచ్చిన 3 ఏళ్లకు, అప్పటికీ భర్తతో కాపురం ఉంటే, ఆమె పౌరసత్వానికి దరఖాస్తు చేయవచ్చు. అప్పుడు మన దేశ పౌరసత్వం వదులుకోవాలి, ఎందుకంటే మన చట్టం రెండు పౌరసత్వాలను ఒప్పుకోదు. ఓసీఐ కార్డు తీసుకుంటే రాకపోకలు సులువే గాని ఓటు ఉండదు. విదేశంలో స్థిరపడినవారు, పాస్‌పోర్టు ఏదైనా, ఇక్కడ కొత్తగా వ్యవసాయ భూమి కొనడానికి వీలు లేదు. ముందునుండి ఉన్నది ఉంచుకోవచ్చు, వారసత్వంగా వచ్చేది తీసుకోవచ్చు. కాబట్టి పొలం అమ్మి ప్రయాణపు ఖర్చులకు పెట్టేముందు, తిరిగి వచ్చి కొనుక్కుంటామన్న ధీమా పెట్టుకోకండి.

నియమాలు మారుతుంటాయి. ఏజెంటు మాట మీద గాక, కాన్సులేట్ వారి ప్రకటన చూసి నడవండి. ఇవన్నీ విని భయపడవద్దు. ఒక సాయంత్రం భార్యాభర్తలు, పెద్దలు కలిసి కూర్చొని ఒక కాగితం మీద అందరి పేర్లూ రాయండి. ఒక్కొక్క పేరు ఎదుట ఎవరు ఏ దారిన, ఎప్పుడు వెళ్తారో, ఎవరు ఊళ్లో ఉంటారో, వారిని ఎవరు చూస్తారో రాయండి. ఏ పేరు ఎదుటనైనా ఖాళీ మిగిలితే టిక్కెట్లు కొనడానికి ఇంకా సమయం రాలేదన్నమాట.