విగ్రహం పడుతుంటే పోలీసులు ఎందుకు ఆగారు?

ఆ వీడియో మీరూ చూసే ఉంటారు. 2020 జూన్ 7, ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్ సిటీ. ఓ కంచు విగ్రహానికి తాళ్లు కట్టి లాగుతున్నారు జనం. అది దభీమని కిందపడింది. ఒకతను దాని మెడ మీద మోకాలు ఆనించి కూర్చున్నాడు. తర్వాత దాన్ని రోడ్డు మీద దొర్లించుకుంటూ వెళ్లి హార్బర్ నీళ్లలోకి తోసేశారు.

ఆ మోకాలు ఎందుకో మీకు తెలుసు. అంతకు పదమూడు రోజుల ముందే అమెరికాలో ఒక పోలీసు, జార్జ్ ఫ్లాయిడ్ మెడ మీద తొమ్మిది నిమిషాలకు పైగా మోకాలు పెట్టి ప్రాణం తీశాడు.

లాక్‌డౌన్‌లో మంచం మీద పడుకుని ఆ క్లిప్ చూశాక నాకు వచ్చిన మొదటి డౌట్ ఒక్కటే. ఇంతకీ పోలీసులు ఎక్కడ?

రెండోది, ట్యాంక్‌బండ్ గుర్తొచ్చింది. 2011 మార్చి 10, మిలియన్ మార్చ్ రోజు. అక్కడి విగ్రహాలు కొన్ని పగిలాయి, కొన్ని హుస్సేన్‌సాగర్‌లో పడ్డాయి. ఆ రాత్రి మా ఇంట్లో నాన్న ఒక మాట, బాబాయ్ ఇంకో మాట. అన్నం కూడా సరిగ్గా తినలేదు ఎవరూ. పడిన వాటిలో కవుల విగ్రహాలూ ఉన్నాయి. అందుకే గుంపు విగ్రహం లాగుతుందంటే నాకు చప్పట్లు కొట్టాలనిపించదు. ముందు భయమేస్తుంది.

సరే, బ్రిస్టల్‌లో పడింది ఎవరో చూద్దాం.

పేరు ఎడ్వర్డ్ కోల్‌స్టన్. 1636లో పుట్టాడు, 1721లో పోయాడు. 1680లో రాయల్ ఆఫ్రికన్ కంపెనీలో చేరి, పెద్ద పదవి దాకా ఎదిగాడు. అతను అందులో ఉన్న పన్నెండేళ్లలో ఆ కంపెనీ దాదాపు 84,000 మంది ఆఫ్రికన్లను బానిసలుగా ఓడలెక్కించింది. వాళ్లలో చిన్నపిల్లలూ ఉన్నారు. సుమారు 19,000 మంది దారిలోనే చనిపోయారు. ఇంకో సంగతి, మనకు కాస్త దగ్గరిది. ఆ రోజుల్లో ఆఫ్రికా తీరంలో మనుషుల్ని కొనడానికి యూరప్ వ్యాపారులు ఇచ్చిన సరుకుల్లో మన కోరమాండల్ తీరంలో నేసిన నూలు బట్టలూ ఉండేవి. నేసినవాళ్లకు ఆ బట్ట ఎక్కడికి పోతుందో తెలిసే అవకాశమే లేదు.

కోల్‌స్టన్ సంపాదించిన డబ్బులో కొంత బ్రిస్టల్‌లో స్కూళ్లకీ, పేదలకీ ఇచ్చాడు. ఊరు అదొక్కటే గుర్తుపెట్టుకుంది. అతను చనిపోయిన 174 ఏళ్లకు, 1895లో విగ్రహం పెట్టి, ఊరి కన్నబిడ్డల్లో మహా సుగుణవంతుడు, వివేకి అన్న అర్థం వచ్చేలా కింద ఫలకం బిగించారు. బానిసల సంగతి అందులో ఒక్క ముక్క లేదు.

‘ఇష్టం లేకపోతే అర్జీ పెట్టుకోవాలి గానీ కూల్చేయడమేంటి?’ అంటారా? నేనూ అదే అనుకున్నా. అర్జీలు పెట్టారండీ, ఏళ్ల తరబడి పెట్టారు. తీసేయకపోయినా పర్లేదు, నిజం రాసిన ఇంకో ఫలకం పెట్టండి చాలు అన్నారు. దానిలో ఏ మాట ఉండాలి, ఏది తీసేయాలి అని 2018లో మొదలైన గొడవ తెగనే లేదు. చివరికి నీళ్లు కలిపిన పాలలా తయారైన ఆ వాక్యాలు చూసి, 2019లో మేయర్ మార్విన్ రీస్ దాన్ని ఆపేశాడు. ఆయన తండ్రిది జమైకా. ఫలకం రాలేదు, విగ్రహం కదల్లేదు.

ఇప్పుడు పోలీసుల దగ్గరికొద్దాం. ఆ రోజు ర్యాలీకి దాదాపు పదివేల మంది వచ్చారు. విగ్రహం పడుతున్నప్పుడు పోలీసులు అడ్డుపడలేదు, ఆ రోజు ఎవర్నీ అరెస్టు చేయలేదు. హోం మంత్రి ప్రీతి పటేల్ ఇది సిగ్గుచేటని మండిపడ్డారు. స్థానిక పోలీసు అధికారి ఆండీ బెన్నెట్ జవాబు మాత్రం సింపుల్: మేం దూరితే పెద్ద గొడవయ్యేది, మనుషులకు దెబ్బలు తగిలేవి, అందుకే ఆగాలని నిర్ణయించుకున్నాం. అలాగని వదిలేయలేదు. తర్వాత వీడియోలు చూసి మనుషుల్ని గుర్తించారు, నలుగురు కోర్టు బోనెక్కారు.

నాకు నచ్చింది ఆ ఒక్క నిర్ణయం. కంచు విరిగితే మళ్లీ అతికించొచ్చు, తల పగిలితే కుదరదు. ఒక పోలీసు చేసిన పనికి రగిలిన నిరసన అది. అక్కడ మళ్లీ లాఠీలు లేచి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోండి.

2022 జనవరి 5న జ్యూరీ ఆ నలుగురూ నిర్దోషులంది. కథ అక్కడితో అయిపోలేదు. ప్రభుత్వం ఆ తీర్పులోని న్యాయసూత్రాన్ని పైకోర్టుకు తీసుకెళ్లింది. ఇంత పెద్ద నష్టం చేసినప్పుడు ‘నిరసన మా హక్కు’ అనే వాదన చెల్లదని కోర్టు చెప్పింది. ఆ నలుగురి విడుదల మాత్రం అలాగే ఉంది. స్మారకాన్ని పాడుచేస్తే, నష్టం విలువ తక్కువైనా పదేళ్ల దాకా జైలు పడేలా అదే ఏడాది చట్టమూ మారింది.

నిజం చెప్పనా? ఆ పైకోర్టు మాటలోనూ నాకు న్యాయం కనిపిస్తుంది. ఈరోజు బానిసల వ్యాపారిని లాగిన తాడు రేపు ఇంకెవరి చేతిలో ఉంటుందో ఎవరు చెప్పగలరు? మా నాన్న, బాబాయ్ ఇప్పటికీ ఆ రాత్రి సంగతి ఎత్తరు. కానీ బ్రిస్టల్ విషయంలో నా కోపం తాడు పట్టుకున్నవాళ్ల మీద లేదు. ఒక ఫలకం మీద రెండు నిజమైన వాక్యాలు రాయలేక, జనాన్ని తాడు దాకా తెచ్చిన పెద్దమనుషుల మీద ఉంది.

విగ్రహాన్ని నాలుగు రోజులకే నీళ్లలోంచి తీశారు. ఇప్పుడది అక్కడి ఎమ్ షెడ్ మ్యూజియంలో ఉంది. నిలబెట్టలేదు, పడుకోబెట్టారు. నిరసనకారులు పూసిన రంగులు కడగలేదు. 125 ఏళ్లు నిలబడి దాచిన సంగతి ఇప్పుడు పడుకుని చెబుతోంది.

రేపు ఆఫీసుకో, కాలేజీకో వెళ్తూ మీ సెంటర్‌లో విగ్రహం పక్కన సిగ్నల్ పడితే, ఓసారి ఆ ఫలకం చదవండి. ఆ పేరు ఫోన్‌లో కొట్టి చూడండి. ఫలకం చెప్పని సంగతి ఏదైనా దొరికితే ఊరందరికీ చెప్పండి. తాడు అవసరం రాకముందే.