తనంతట తానే నడిచిన బొమ్మ

మా యింట ఇద్దరు మగపిల్లలు. ఇద్దరికీ కలిపి ఒకటే ప్లేస్టేషన్ 4, దానికి ఒకటే కంట్రోలర్. క్రిందటి నెలలో ఒక సాయంత్రం ఆ కంట్రోలర్ బల్ల మీద ఉండగానే తెరమీది ఆటగాడు ఎడమప్రక్కకు నడిచిపోవడం మొదలుపెట్టాడు. ఎవరూ ముట్టుకోలేదు. పెద్దవాడు వెంటనే, "తమ్ముడే క్రింద పడేశాడు" అన్నాడు. కంట్రోలర్ మూలన ఒక గీత కూడా ఉన్నది. చిన్నవాడు, "నేను పడేయలేదు నాన్నా" అని రెండుసార్లు చెప్పాడు. మేము నమ్మలేదు. వారం రోజులు ఆట బంద్ అన్నాము. అది వాడికే, అన్నకు కాదు.

బాగుచేయించబోతే అంగడివాడు విప్పకుండానే "క్రొత్తది కొనుక్కోండి" అన్నాడు. క్రొత్తదాని ధర విన్న తరువాత, మనమే విప్పి చూస్తే పోలేదా అనిపించింది. శనివారం రాత్రి కూర్చున్నాము.

వెనుక నాలుగు స్క్రూలు. సన్నని స్టార్ స్క్రూడ్రైవర్ చాలును. అయితే మూత విప్పగానే లాగకూడదు. రెండు భాగాలను కలుపుతూ లోపల పలుచని పట్టీ ఒకటి ఉంటుంది, అది తెగితే క్రొత్త ఖర్చు. ముందుగా బ్యాటరీ ప్లగ్గు ఊడదీయాలి. మేము అంత జాగ్రత్తపడినా క్రింది మీటకుండే చిన్న స్ప్రింగు ఎగిరి ఎక్కడో పడింది. ఎంత వెదికినా దొరకలేదు. మూలన కూర్చుని చూస్తున్న చిన్నవాడు ఒక్క మాటైనా అనకుండా వచ్చి, బీరువా క్రింద నుంచి తీసి మా చేతిలో పెట్టాడు.

ఇక అసలు సంగతి. బొటనవ్రేలితో త్రిప్పే పుల్ల అడుగున రెండు చిన్న పెట్టెలుంటాయి. ఒకటి కుడి ఎడమలను, మరొకటి పైక్రిందులను కొలుస్తుంది. వాటిని పొటెన్షియోమీటర్లు అంటారు. పాత రేడియోలో వాల్యూమ్ మర ఇదే పద్ధతిలో పనిచేసేది: నల్లని కార్బన్ పూత మీద సన్నని లోహపు నాలుక జారుతుంది. ఆ రేడియో మర త్రిప్పితే గరగరమనేది జ్ఞాపకమున్నదా? ఆ జబ్బే ఇక్కడా. ఆకుపచ్చ మూత మెల్లగా పైకి లేపి చూస్తే పూత అరిగి, నల్లని పొడి పేరుకొని ఉన్నది. పుల్ల మధ్యలో ఉన్నా, ఎడమకు త్రోశారని యంత్రం అనుకుంటున్నదన్నమాట.

ఎక్కడా పగులు లేదు, విరుగు లేదు. ఇది ఒకనాటి దెబ్బ కాదు, నెలల తరబడి రుద్దుడు. ఎక్కువ గంటలు ఆడినది ఎవరో మా యింట అందరికీ తెలుసు. పెద్దవాడు తల వంచుకున్నాడు.

ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదిపుల్లతో తుడిచి, పూర్తిగా ఆరనిచ్చి, తిరిగి బిగించాము. (నీళ్ళు, సెంటు, కిరోసిన్ వాడవద్దు.) ఆటగాడు నిలబడ్డాడు. అప్పుడప్పుడు కొంచెం కదిలాడు గాని, ఆట సెట్టింగులలో 'డెడ్ జోన్' కాస్త పెంచితే అదీ ఆగింది. అరిగిన పూత తిరిగి రాదు గనుక ఇది కొన్నాళ్ళ ముచ్చటే. తరువాత పుల్ల మొత్తం మార్చాలి. పద్నాలుగు కాళ్ళ టంకం కరిగించాలి గనుక అది చేయి తిరిగినవారి పని. అయస్కాంతంతో పనిచేసే హాల్ సెన్సార్ పుల్లలు కూడా దొరుకుతున్నాయి; వాటిలో రుద్దుకునే పూత లేదు.

అన్న ఎదుటనే చిన్నవాణ్ణి పిలిచి, "తప్పు మాదిరా, నీ మాట వినలేదు" అని చెప్పాము. ఇలా చెప్పడం మాకు అలవాటు లేదు. గొంతు పెగలడానికి కొంత సేపు పట్టింది. వాడు కాసేపు కంట్రోలర్ వంక చూసి, "అయితే ఇంకా రెండు రోజులు మిగిలాయి కదా నాన్నా, అవి కూడా ఉండాలా?" అని అడిగాడు.

మేము జవాబు చెప్పకముందే పెద్దవాడు కంట్రోలర్ వాడి ఒడిలో పెట్టి, ప్రక్కన చాప మీద కూర్చున్నాడు.