చీమ నాగలి, దోమ స్ప్రేయరు, నానో సీసా



ఈ మధ్య నాకో ఆలోచన వచ్చిందండీ, ఒక పరిశోధనా సంస్థ పెడదామని. పేరు "అతి సూక్ష్మ సేద్య పరిశోధనా సంస్థ". భవనం ఆవగింజంత. డైరెక్టరు గారి కుర్చీ కనపడాలంటే మైక్రోస్కోపు పెట్టాలి. మొదటి ఏడాది చీమ లాగే నాగలి, దోమ వీపున మోసే స్ప్రేయరు తెస్తాం. రెండో ఏడాది అగ్గిపెట్టెలో పట్టే ఆవు. పేడ మాత్రం మామూలు ఆవు వేసినంతా వేస్తుందని కరపత్రంలో రాస్తాం.

నవ్వొచ్చిందా? అయితే సీసా లెక్క చూడండి. 2021లో నానో యూరియా వచ్చినప్పుడు అర లీటరు సీసా 45 కిలోల బస్తాకు సమానం అన్నారు. బస్తాలో నత్రజని 46 శాతం, అంటే 20 కిలోల 700 గ్రాములు. సీసాలో 4 శాతం, అంటే 20 గ్రాములు. తర్వాత 20 శాతం రకం తెచ్చారు. అందులోనూ సీసాకి 100 గ్రాములే.

వాళ్ల వాదన కూడా వినాలి. బస్తా యూరియాలో చాలా భాగం గాలికీ నీళ్లకీ పోతుంది, ఆకు మీద కొడితే వృథా ఉండదు అంటారు. వృథా అయ్యే మాట నిజమే, మనం చెప్పేదీ అదే. కానీ మూడొంతులు పోయినా బస్తాలో 5 కిలోలు మిగులుతుంది కదా! టన్ను వడ్లు పండాలంటే పైరు 15 నుంచి 20 కిలోల నత్రజని తీసుకుంటుంది. 20 గ్రాములు ఎంత మెత్తగా నూరినా 20 గ్రాములే. పంజాబ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్లు వేసి చూశారు. యూరియా తగ్గించి నానో కొట్టిన చోట వరి, గోధుమ రెండూ దిగుబడి తగ్గాయి.

చిన్నదంటే నాకేం కోపం లేదు. 1959లో ఫైన్‌మన్ అనే శాస్త్రవేత్త గుండుసూది తల మీద పెద్ద విజ్ఞాన సర్వస్వం మొత్తం రాయొచ్చు అన్నాడు. అక్షరం సైజు తగ్గించాడు గానీ అక్షరాలు తగ్గించలేదు, గమనించండి.

మనవాళ్లు కొందరు "ఇది రసాయనం కాదు కదా అన్నా" అని అడుగుతున్నారు. నానో అన్నంత మాత్రాన సేంద్రియం అయిపోదు. అదీ ఫ్యాక్టరీ సరుకే.

అసలు సూక్ష్మ సంస్థ మన పొలంలోనే ఉంది. వీడియోలో పిల్లిపెసర మొక్క పీకి చూపించాను కదా, వేరు బొడిపెని గోటితో చిదిపితే లోపల గులాబీ రంగు కనపడుతుంది. ఆ రంగుంటే రైజోబియం పని చేస్తున్నట్టే. గాలిలో 78 శాతం ఉన్న నత్రజనిని అది మట్టి వేడిలోనే పట్టి మొక్కకిస్తుంది. అదే పనికి ఫ్యాక్టరీలో 400 డిగ్రీల పైన వేడి కావాలి. బొడిపె తెల్లగా, పచ్చగా ఉంటే మాత్రం లోపల పని జరగట్లేదు. అప్పుడు విత్తనానికి రైజోబియం పట్టించి మళ్లీ వేసి చూడండి.

ఇంకా సీసా మీద ఆశ ఉన్నవాళ్లు మూడు సమాన మడులు తీసుకోండి. ఒకదానికి సీసా ఒక్కటే, ఇంకోదానికి పిల్లిపెసర కలియదున్ని జీవామృతం, మూడోదానికి ఏమీ వద్దు. మూడో మడి తప్పకుండా ఉండాలి, అది లేకపోతే ఏది పనిచేసిందో తెలియదు. కోశాక వేర్వేరుగా కాటా వేసి, ఆ వీడియో నాకు పంపండి.