బకెట్‌కు అర యూనిట్: సహకార విద్యుత్ సభ్యుల ప్రణాళిక

పుష్యమాసంలో తెల్లవారుజామున ఐదున్నరకు మా వీధిలో లైట్లు మసకబారతాయి. బోరు మోటారు మూలుగుతుంది గానీ నీళ్లు ట్యాంకుకు ఎక్కవు. కారణం కనుక్కోవడానికి లైన్‌మన్ రానక్కర్లేదు. ఇంటింటా బాత్‌రూమ్‌లో బకెట్ మీద అడ్డంగా ఒక కర్ర, దానికి వేలాడుతూ హీటర్ రాడ్డు. ఒక్కో రాడ్డు 1500 వాట్లు. పాతిక కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ కింద అలాంటివి పదహారు ఒక్కసారే పెడితే దాని సత్తా అక్కడికి సరి. మోటార్లకూ మగ్గాలకూ పాల కేంద్రానికీ ఇక మిగిలేదేమీ ఉండదు.

మేము ఒక గ్రామీణ సహకార విద్యుత్ సంఘంలో వాటా కట్టి చేరిన సభ్యులం. మాలో రైతులున్నారు, మగ్గం పనివాళ్లున్నారు, అంగన్‌వాడీ టీచర్లు, కిరాణా కొట్టువాళ్లు, రిటైరైన లైన్‌మన్లు ఉన్నారు. మేమంతా కూర్చుని ఒప్పుకున్న మాట ఇది. సంఘం ఉన్నది యూనిట్లు అమ్ముకోవడానికి కాదు, ప్రతి ఇంట్లో వెలుతురు, గాలి, వేడినీళ్లు ఉండేలా చూడడానికి. అదే సుఖం తక్కువ యూనిట్లతో వచ్చే దారి ఉంటే, ఆ దారి చూపించి దానికయ్యే డబ్బులో చేయి వేయాల్సింది కూడా సంఘమే.

ఈ మాట అనే హక్కు మాకు ఎక్కడిదో చెప్పాలి. 1930ల మొదట్లో అమెరికా పొలాల్లో పదిళ్లకు ఒక ఇంటికే కరెంటు ఉండేది. అంత దూరం తీగ లాగితే గిట్టదని ప్రైవేటు కంపెనీలు తప్పుకున్నాయి. 1935లో రూజ్‌వెల్ట్ ప్రభుత్వం గ్రామీణ విద్యుదీకరణకు ఒక సంస్థను పెట్టి అప్పులివ్వడం మొదలుపెట్టాక, రైతులు తలా ఐదు డాలర్లు వేసుకుని సొంత సంఘాలు కట్టుకున్నారు. ఆ సంఘాల జాతీయ సమాఖ్యే తర్వాత మన దేశంలోనూ ఇలాంటి సంఘాలు నిలబడడానికి సాయం చేసింది. 1969లో మన గ్రామీణ విద్యుదీకరణ కార్పొరేషన్ ఏర్పడింది. దాని అండతో దేశంలో మొదట ఐదు చోట్ల ప్రయోగం జరిగితే, అందులో ఒకటి మన సిరిసిల్ల. 1970లో పుట్టిన సిరిసిల్ల సహకార విద్యుత్ సంఘం 'సెస్'కు 2022 డిసెంబరులో కూడా సభ్యులే ఓట్లేసి పదిహేను మంది డైరెక్టర్లను ఎన్నుకున్నారు. అనకాపల్లి, చీపురుపల్లి, కుప్పం సంఘాలదీ ఇదే వంశం. కదిరి, జోగిపేట లాంటి చోట్ల ఉన్న సంఘాలు పెద్ద సంస్థల్లో కలిసిపోయాయి. కలిసిపోయిన చోట కరెంటు ఆగిపోలేదు. ఓటు ఆగిపోయింది. మాకు ఆ ఓటు ఇంకా ఉంది కాబట్టే ఈ ప్రణాళిక రాస్తున్నాం.

ఆ అమెరికా సంఘాల సభ్యులకు చలికాలంలో ఇల్లు వెచ్చగా ఉంచుకోవడం ఒక పెద్ద ఖర్చు. దక్షిణ కరోలినాలో 2011లో అక్కడి విద్యుత్ సహకార సంఘాలు 125 ఇళ్లను తీసుకున్నాయి. గోడల సందులు, గాలి గొట్టాల చిల్లులు పూడ్చి, పాత హీటర్ల స్థానంలో హీట్ పంపులు పెట్టించాయి. హీట్ పంపు కరెంటును వేడిగా మార్చదు. బయటి గాలిలో ఉన్న వేడినే లోపలికి తోడిపోస్తుంది, అందుకే అదే వేడికి దాదాపు మూడో వంతు కరెంటు చాలు. పెట్టుబడి మొత్తం సంఘాల అప్పు, ఇంటివాళ్లు నెలనెలా కరెంటు బిల్లులోనే తీర్చారు. వాడకం సుమారు మూడో వంతు తగ్గింది, కాబట్టి తగ్గిన బిల్లులో నుంచే కిస్తీ తీరింది. మాకు ఇల్లు వెచ్చబెట్టుకునే చలి లేదు. మాకున్నది స్నానాల చలి. పద్ధతి మాత్రం మాకూ పనికొస్తుంది.

ఇరవై లీటర్ల బకెట్ నీళ్లను ఇరవై డిగ్రీలు వేడెక్కించడానికి దాదాపు అర యూనిట్ కావాలి. ఇందులో రాడ్డు తప్పేమీ లేదు, అది తీసుకున్న కరెంటంతా నీళ్లకే ఇస్తుంది. కానీ అదే అర యూనిట్‌తో తొమ్మిది వాట్ల ఎల్‌ఈడీ బల్బు 55 గంటలు వెలుగుతుంది. నలుగురున్న ఇంట్లో రోజుకు రెండు యూనిట్లు, నెలకు 60. తెలంగాణలో 2024 మార్చి నుంచి తెల్లకార్డు ఇళ్లకు 200 యూనిట్ల లోపైతే బిల్లు సున్నా. ఎండాకాలం కూలర్ వేసి కూడా ఆ గీత దాటని ఇల్లు, చలికాలంలో స్నానాల వల్ల దాటిపోయి మొత్తం బిల్లు కట్టుకుంటుంది. నష్టం ఇంటితో ఆగదు. తీగలో కరెంటు రెండింతలైతే తీగ వేడెక్కి పోయే నష్టం నాలుగింతలవుతుంది. మా సంఘం కరెంటు తయారు చేయదు, పెద్ద పంపిణీ సంస్థ దగ్గర టోకున కొంటుంది. అందరూ రాడ్లు పెట్టే ఆ తెల్లవారుజామున తీగల్లో ఆవిరైపోయిన ప్రతి యూనిట్ మా అందరి వాటా ధనంలోంచి పోయినట్టే.

యూనిట్ల కన్నా ముందు చెప్పాల్సింది ప్రాణం సంగతి. మా సభ్యురాలు ఒకామె ప్లగ్గు పీకకుండానే నీళ్లు కాగాయా లేదా అని వేలు ముంచి చూసింది. కూతురు పరుగున వచ్చి స్విచ్ కట్టేసింది కాబట్టి బతికింది. కుడిచేతి రెండు వేళ్లు ఇప్పటికీ పూర్తిగా ముడుచుకోవు, పూలు కట్టడం మానేసింది. తర్వాత చూస్తే మీటరు దగ్గర ఎర్తు తీగ తుప్పు పట్టి రెండు ముక్కలై ఉంది. ఎన్నాళ్లుగా అలా ఉందో ఎవరికీ తెలియదు. అందుకే మా మొదటి కోరిక సబ్సిడీ కాదు. హీటర్ వాడే ప్రతి ఇంటికీ ఎర్తు పరీక్ష, ముప్పై మిల్లీ ఆంపియర్లు లీకైతే చాలు కరెంటు తెంపేసే బ్రేకర్ ఉండాలి. పేద ఇళ్లకు ఈ రెండూ సంఘం ఖర్చుతోనే జరగాలి, ఈ విషయంలో మేము బేరానికి రాము.

ఆ తర్వాతే ప్రోత్సాహకాలు. స్లాబు ఇల్లు, పైన ట్యాంకు ఉన్నవాళ్లకు సోలార్ వాటర్ హీటర్ మేలు. దీనికి కరెంటే అక్కర్లేదు. గాజు గొట్టాల్లో ఎండకు కాగిన నీరు తేలికై తనంతట తానే ట్యాంకులోకి ఎక్కుతుంది. పైకప్పు మీద కరెంటు తయారు చేసుకునేవాళ్లకు కేంద్రం 2024 నుంచి 78,000 రూపాయల వరకు ఇస్తోంది, మంచిదే. నీళ్లు కాచే సోలార్‌కు అందులో చోటు లేదు. ఆ ఖాళీని సంఘం అప్పుతో నింపాలి, అప్పు బిల్లులో కిస్తీగా తీరాలి, కిస్తీ ఎప్పుడూ బిల్లులో మిగిలిన డబ్బును మించకూడదు. అమ్మేవాళ్లు చెప్పని ఒక మాట మేము చెబుతాం. మా బోరు నీళ్లలో ఉప్పెక్కువ, గొట్టాల్లో పెచ్చు కడుతుంది. ఏడాదికోసారి కడిగించే బాధ్యత ఎవరిదో కాగితం మీద రాయించుకోకుండా ఏ కంపెనీ సరుకునూ సంఘం పేరు మీద ఇప్పించకూడదు.

రేకుల ఇంటివాళ్ల సంగతేమిటి? అద్దెకుండేవాళ్ల సంగతేమిటి? ఏ పథకమైనా ఇక్కడే కాలు జారుతుంది, డాబా ఉన్నవాడికే డబ్బులు అందుతాయి. అందుకని సాయం మొదలవ్వాల్సింది కింది నుంచి. బాలింతలు, పసిపిల్లలు, మంచాన పడ్డ పెద్దవాళ్లు ఉన్న ఇళ్లకు వేడి పోకుండా మందమైన పొర ఉన్న, స్టార్ లేబుల్ గీజర్లు ముందు ఇవ్వాలి. అద్దెకున్నవాళ్లు ఇల్లు మారితే గీజర్‌ను వెంట తీసుకుపోయే హక్కు ఉండాలి. ఇంకా కట్టెల మీద కాగు పెట్టే ఇళ్లను "వాడకం లేదు" అని లెక్కలోంచి తీసేయకూడదు, ఆ పొగ మింగుతున్న ఆడవాళ్లూ సభ్యులే. సంక్షేమ హాస్టళ్లలో పిల్లలు జనవరిలో చన్నీళ్లు పోసుకుంటున్నారు. ఒక్క హాస్టల్‌కు ఒక హీట్ పంపు పెడితే వందమందికి వేడినీళ్లు. మాకు చేతనైతే మొట్టమొదటి రూపాయి అక్కడే పెడతాం.

ఇచ్చి వదిలేసే పద్ధతిని మేము చూశాం. 2004 తర్వాత ఉచిత కరెంటు కావాలంటే పంపుసెట్టుకు కెపాసిటర్, మంచి ఫుట్‌వాల్వ్, ఐఎస్‌ఐ మోటారు, నునుపైన పైపు ఉండాలన్నారు. సరైన నిబంధనలే. కెపాసిటర్ కాలిపోయాక మళ్లీ ఎవరూ వచ్చి చూడలేదు, మేమూ అడగలేదు. ఆ తప్పులో మా పాలు మాదే. ఈసారి ఎన్ని ఇళ్లకు ఇచ్చారు, ఎన్ని పనిచేస్తున్నాయి, ఎంత అప్పు వసూలైంది, ఈ మూడు అంకెలూ ప్రతి నెలా సబ్‌స్టేషన్ గోడ మీద పెయింటుతో రాయాలి. సర్వసభ్య సమావేశంలో డైరెక్టర్లు వాటికి నిలబడి జవాబు చెప్పాలి.

అడగడం ఒక్కటే కాదు, మేము చేసేదీ ఉంది. కొక్కేలు వేయం, వేసేవాళ్లను వెనకేసుకురాం. బిల్లు బకాయి పెట్టం. ఒక్కో ట్రాన్స్‌ఫార్మర్ కింది ఇళ్లు వంతులు వేసుకుంటాయి: బడికి, పనికి పోయేవాళ్లు ముందు, ఇంటి పట్టున ఉండేవాళ్లు ఏడు దాటాక.

వచ్చే సర్వసభ్య సమావేశానికి మా తీర్మానం పంపేశాం. ఈలోగా ఆదివారం నుంచి మాలో ఉన్న రిటైరైన లైన్‌మన్లు టెస్టర్, మెగ్గర్ పట్టుకుని బజారు చివరి ట్రాన్స్‌ఫార్మర్ నుంచి ఇంటింటికీ ఎర్తు చూసుకుంటూ వస్తారు. తలుపు తీయండి, బాత్‌రూమ్‌లో ప్లగ్గు చూపించండి.