చేతికి పడని గడియారం

"నాకు గిల్టు పడదు" అనే మాట మన ఇండ్లలో స్త్రీల నోట ఎన్నిసార్లు వినలేదు! గిల్టు కమ్మలు పెట్టుకున్న ఒకటి రెండు రోజులకే చెవి తమ్మెలు ఎర్రబడి, దురద పుట్టి, రసి కారుతుంది. వైద్యుని చెంతకు పోకుండానే వారు కమ్మలు తీసివేస్తారు. దోషం లోహంలో ఉన్నదని వారెరుగుదురు. అదే ఇంటి కుమారుడు మాత్రం నాడిని కొలిచే ఎలక్ట్రానిక్ గడియారాన్ని రేయింబవళ్ళు తగిలించుకొని, దాని క్రింద చర్మం పొక్కితే "వేడి చేసింది" అని మజ్జిగ త్రాగుతున్నాడు.

రెంటచింతల ఎండలు ఎరిగిన మనకు వేడిని గూర్చి ఒకరు చెప్పనక్కరలేదు. కాని ఇక్కడ వేడి తోడుదొంగ మాత్రమే. రబ్బరు పట్టీ క్రింద చెమట ఆరదు. వజూ చేసిన నీరూ, స్నానపు సబ్బూ అక్కడే నిలుస్తాయి. మిరపకళ్ళంలో పనిచేసే వానికి కారపు ధూళి, పిడుగురాళ్ళ బట్టీల వద్ద ఉండే వానికి సున్నం దీనికి తోడు. నానిన చర్మం ఒరసుకొని మండుతుంది. పట్టీ తీసి ఆరనిస్తే చాలావరకు తగ్గిపోయే బాధ ఇది.

రెండవది అంత తేలికగా వదలదు. చెమట లోహాన్ని కొద్దికొద్దిగా కరిగించి అందులోని నికెల్‌ను చర్మానికి చేరుస్తుంది. గిల్టు నగల్లోనూ తరచుగా ఉండేది ఈ నికెలే. శరీరం ఒకసారి దానితో వైరం పూనితే, ఆ వైరం సాధారణంగా జీవితాంతం పోదు. భాగాలను అతికించే జిగురులోని అక్రిలేట్లూ ఇట్టివే. గడియారం వెనుక మెరిసే ఆకుపచ్చ వెలుగే చర్మాన్ని కాలుస్తున్నదని మన విద్యార్థుల్లో కొందరి భయం. పాపం, దానికీ దీనికీ సంబంధం లేదు.

2014లో అమెరికాలో ఫిట్‌బిట్ ఫోర్స్ అనే పట్టీ విషయంలో జరిగినదిదే. అక్కడ అమ్ముడైనవి సుమారు 10 లక్షలు. చర్మం రేగినదని వచ్చిన ఫిర్యాదులు దాదాపు 9,900. పొక్కులెక్కినవి 250 వరకు. కారణం ఉక్కులోని నికెల్ గాని, జిగురు గాని కావచ్చునని కంపెనీయే ఒప్పుకొని సరుకును వెనుకకు తీసుకొన్నది. కొన్నవారు మౌనంగా మజ్జిగ త్రాగి ఊరుకొని ఉంటే ఇది జరిగేదా? నగలు, గడియారపు పట్టీల వంటి వాటి నుండి నికెల్ ఎంతవరకు వెలువడవచ్చునో యూరపు దేశాలు 1994లోనే శాసనం చేసి హద్దు పెట్టాయి.

నా చేతికీ గత వేసవిలో ఇదే పట్టింది. దుకాణదారుని అడిగితే "మీది సున్నితమైన చర్మమండీ" అన్నాడు. పెట్టె మీద అడుగుల లెక్క, నిద్ర లెక్క పెద్ద అక్షరాల్లో ఉన్నాయి. కొక్కెం ఏ లోహమో మాత్రం ఎక్కడా లేదు. ఆ ఒక్క పంక్తిని తెలుగులో అచ్చువేయించాలని మనం అడగాలి. అంతవరకు రాత్రివేళ తీసి, తుడిచి, చేతిని ఆరనివ్వడం మన చేతిలోని పని. తీసిన తరువాత కూడా దురద తగ్గకపోతే చర్మవైద్యునికి చూపించేటప్పుడు గడియారాన్ని కూడా వెంట తీసుకొనిపోవాలి.

ఇంటికి రాగానే మా అమ్మ ఆ కొక్కేన్ని వ్రేలితో తడిమి, "ఇది గిల్టు కాదు గదా?" అన్నది. దుకాణంలో నేను అడగవలసిన ప్రశ్న అదే.