చవక పవర్ స్టేషన్లు: పరీక్షించనిదే సిఫారసు తగదు

వ్యవసాయ విద్యుత్తు అనగానే బోరు మోటారు, స్టార్టరు పెట్టె, ట్రాన్స్‌ఫార్మరు స్ఫురించడం పరిపాటి. ఇటీవలి సంవత్సరాలలో తీగతో పనిలేని విద్యుత్తు కూడా పొలానికి చేరింది. వీపున మోసే బ్యాటరీ స్ప్రేయరు, సౌర కంచె, దీపపు ఎర, కల్లం వద్ద రాత్రి కాపలా దీపం, ఎలక్ట్రానిక్ కాటా, చివరకు డ్రోన్ సైతం బ్యాటరీపైనే పనిచేస్తున్నాయి. వీటిని గట్టు మీదనే ఛార్జి చేసుకోవచ్చునన్న ఆకర్షణతో ‘పోర్టబుల్ పవర్ స్టేషన్’ అనే విద్యుత్ పెట్టెలు మార్కెట్లోకి వచ్చాయి. లిథియం సెల్‌ల కూర్పు, దానిని కాపాడే నియంత్రణ వలయం, 230 వోల్టుల విద్యుత్తునిచ్చే ఇన్వర్టరు, ఛార్జరు, సాకెట్లు ఒకే పెట్టెలో అమరి ఉండడం వీటి ప్రత్యేకత.

వీటి ఉపయోగం కాదనలేనిది. అయితే పగలు పొలంలో పనిచేసిన ఈ పెట్టె రాత్రికి రైతు ఇంటికే చేరుతుంది. పత్తి తీసే రోజులలో ఆ ఇంటి గదిలోనే పత్తి రాశి ఉంటుంది. మరొక మూల పురుగుమందు డబ్బాలు ఉంటాయి. ఆ పక్కనే కుటుంబం నిద్రిస్తుంది. అందువల్ల దీని నాణ్యతను కేవలం కొనుగోలుదారు లాభనష్టాల విషయంగా చూడడం సరికాదు. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లోను, విజయవాడలోను ఇళ్లలో ఛార్జింగ్‌లో ఉన్న విద్యుత్ స్కూటరు బ్యాటరీలు పేలి ప్రాణనష్టం సంభవించింది. అదే సంవత్సరం కేంద్ర ప్రభుత్వం విద్యుత్ ద్విచక్ర, త్రిచక్ర వాహనాల బ్యాటరీలకు వర్తించే ఏఐఎస్-156 ప్రమాణాన్ని సవరించి కఠినతరం చేసింది. ఆ ప్రమాణం రోడ్డు వాహనాలకు సంబంధించినది. పొలానికి మోసుకుపోయే పెట్టెకు అది వర్తించదు. కాని 1000 వాట్-గంటల పవర్ స్టేషన్‌లో ఒక చిన్న స్కూటరు బ్యాటరీలో ఉండే శక్తిలో దాదాపు సగం నిల్వ ఉంటుందన్న సంగతి విస్మరించరాదు.

లేబుల్ చెప్పేది, పెట్టె ఇచ్చేది

చవక పెట్టెలపై సామర్థ్యాన్ని తరచుగా మిల్లీయాంపియర్-గంటలలో ముద్రిస్తారు. 1,00,000 మిల్లీయాంపియర్-గంటలు అన్న అంకె ఘనంగా కనిపిస్తుంది. దానిని 12 వోల్టుల బ్యాటరీకి అన్వయించుకున్న రైతు 1200 వాట్-గంటలు లభిస్తాయని భావిస్తాడు. వాస్తవానికి ఆ లెక్క 3.7 వోల్టుల సెల్‌కు సంబంధించినదైతే నిల్వ శక్తి 370 వాట్-గంటలు మాత్రమే. ఇన్వర్టరులో సుమారు 15 శాతం నష్టం పోగా సాకెట్ వద్ద దాదాపు 315 వాట్-గంటలు మిగులుతాయి. కనుక వాట్-గంటలలో సామర్థ్యం ముద్రించని పెట్టెను ప్రాథమిక దశలోనే పక్కన పెట్టడం ఉచితం.

వాట్ల విషయంలోనూ ఇదే స్థితి. పెద్ద అక్షరాలతో కనిపించేది కొన్ని క్షణాలు మాత్రమే తట్టుకోగల గరిష్ఠ లోడు. నిరంతరంగా ఇవ్వగల లోడు అందులో సగమే కావచ్చు. ఇండక్షన్ మోటారు ప్రారంభంలో సాధారణ కరెంటుకు ఐదు నుండి ఏడు రెట్లు తీసుకుంటుంది. అందుచేత 5 హార్స్‌పవర్ బోరు మోటారు మాట అటుంచి, చిన్న నీటి పంపు కూడా ఇటువంటి పెట్టెపై తిరగకపోవచ్చు. డ్రోన్ సంగతి మరింత స్పష్టం. ఆరు సెల్‌లు, 16 యాంపియర్-గంటల సామర్థ్యం గల బ్యాటరీలు రెండింటిని వాడే డ్రోన్‌కు వాటిని పూర్తిగా నింపడానికి సుమారు 710 వాట్-గంటలు కావాలి. 500 వాట్-గంటల పెట్టె ఆ జతను ఒక్కసారి కూడా నింపలేదు. ఈ చిన్న గుణకారం చేయకుండా జరిగే కొనుగోళ్లు మహిళా సంఘాలకైనా, యువరైతులకైనా అప్పుగానే మిగులుతాయి.

ధర తగ్గిన చోటు

ధర తగ్గిందంటే లోపల ఎక్కడో ఏదో తగ్గినట్లే. మొదట తగ్గేది సెల్. ఇతర పరికరాలలో వాడి తీసివేసిన సెల్‌లకు కొత్త తొడుగు వేసి అమర్చితే బయటివారికి తెలియదు. వయసు, సామర్థ్యం వేరైన సెల్‌లను ఒకే వరుసలో కలిపినప్పుడు బలహీనమైనది ముందుగా నిండి, ముందుగా ఖాళీ అవుతుంది. నియంత్రణ వలయం ప్రతి సెల్ వోల్టేజిని విడివిడిగా గమనిస్తే ఈ దోషం అదుపులో ఉంటుంది. మొత్తం వోల్టేజిని మాత్రమే చూసే నాసిరకపు వలయానికి ఆ ఒక్క సెల్ 4.2 వోల్టుల హద్దు దాటడం కనిపించదు. అతిగా ఛార్జి అయిన సెల్ వేడెక్కి, ఆ వేడి లోపలి రసాయన క్రియలను మరింత రగిలించి, పక్క సెల్‌లకు వ్యాపించడమే అగ్నిప్రమాదానికి మూలం.

సెల్ రసాయనమూ ముఖ్యమే. నికెల్, మాంగనీస్, కోబాల్ట్ కలిగిన సెల్‌లతో పోలిస్తే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్‌లు అధిక వేడిని తట్టుకుంటాయి. వాటి ఆయుష్షు కూడా ఎక్కువ. అయితే రెండింటిలోనూ మండే స్వభావం గల ద్రవమే ఉంటుంది. ‘ఐరన్ ఫాస్ఫేట్’ అన్న ముద్ర ఉన్నంత మాత్రాన వదులైన వెల్డింగు, లేని ఫ్యూజు, పలుచని తీగ వల్ల కలిగే ప్రమాదం తొలగిపోదు.

ఇన్వర్టరు ఇచ్చే తరంగం మరొక అంశం. శుద్ధ సైన్ తరంగానికి బదులు మెట్ల ఆకారపు తరంగాన్నిచ్చే చవక ఇన్వర్టరుపై దీపాలు వెలుగుతాయి గాని, మోటార్లు వేడెక్కుతాయి. కొన్ని ఛార్జర్లు దెబ్బతింటాయి. మూడు రంధ్రాల సాకెట్ ఉన్నంత మాత్రాన అది భూమికి అనుసంధానమై ఉందని భావించడం కూడా పొరపాటే. తడి మడిలో, తడి చేతులతో వాడే పరికరానికి ఈ విషయం ప్రాణప్రాయం.

పొలం ప్రయోగశాల కాదు

మంచి ప్రమాణాలతో తయారైన పెట్టెకు సైతం పొలం కఠిన పరీక్షే. లిథియం బ్యాటరీలను సాధారణంగా 0 నుండి 45 డిగ్రీల సెల్సియస్ మధ్య మాత్రమే ఛార్జి చేయాలని తయారీదారులు సూచిస్తారు. రెంటచింతల, రామగుండం వంటి ప్రాంతాలలో మే నెలలో నీడలోని గాలి ఉష్ణోగ్రతే ఆ హద్దును దాటుతుంది. సౌర ఫలకం పక్కన ఎండలో ఉంచిన నల్లని పెట్టె లోపల వేడి అంతకన్నా ఎక్కువే. ప్రతి 10 డిగ్రీలకు రసాయన క్రియల వేగం సుమారు రెట్టింపవుతుందన్న స్థూల సూత్రం విత్తన నిల్వకు ఎంత ముఖ్యమో బ్యాటరీ ఆయుష్షుకూ అంతే ముఖ్యం.

దుమ్ము, తేమ రెండవ సమస్య. చల్లదనం కోసం ఫ్యాను అమర్చిన పెట్టె కల్లంలో వరి ఊకను, మిరప పొడిని, పత్తి నూగును లోనికి పీల్చుకుంటుంది. దుమ్ము, నీరు ఎంతవరకు చొరబడకుండా నిలువరిస్తుందో తెలిపే ఐపీ అంకెను చవక పెట్టెలపై చాలావరకు ముద్రించరు. ఐపీ20 అని ఉంటే నీటి నుండి రక్షణ శూన్యమని అర్థం. పురుగుమందు ద్రావణం చిందే చోట ఉండవలసిన పరికరానికి కనీసం ఐపీ54 అవసరం.

మూడవది అంతగా చర్చకు రానిది, కాని వ్యవసాయానికి ప్రత్యేకమైనది. పొలం పరికరం కాలానుగుణంగా పనిచేస్తుంది. ఖరీఫ్ సస్యరక్షణ ముగిసిన తరువాత నెలల తరబడి అటక మీద ఉండిపోతుంది. నాసిరకపు నియంత్రణ వలయం ఆ కాలమంతా కొద్దికొద్దిగా విద్యుత్తును తాగుతూనే ఉంటుంది. సెల్ వోల్టేజి కనిష్ఠ హద్దుకు బాగా దిగువకు పడిపోతే రుణధ్రువంలోని రాగి రేకు కరగడం మొదలవుతుంది. తిరిగి ఛార్జి చేసినప్పుడు ఆ రాగి లోపల పేరుకొని అంతర్గత షార్టుకు దారితీయవచ్చు. తొలకరికి పెట్టెను దించి రాత్రంతా ఛార్జింగ్‌లో ఉంచే అలవాటు అందువల్లనే ప్రమాదకరం. నిత్యం వాడే పట్టణ వినియోగదారునికి ఎదురుకాని ఈ ముప్పు రైతుకు మాత్రం ఏటా ఎదురవుతుంది.

ధర వాదనలో బలమెంత?

కఠిన ప్రమాణాలు విధిస్తే ధర పెరిగి చిన్న రైతుకు అందకుండా పోతుందన్న వాదన ఉంది. అది తేలికగా కొట్టిపారేయదగినది కాదు. కాని దానిని కొనుగోలు ధరతో గాక, జీవితకాలంలో లభించే యూనిట్లతో తూచవలసి ఉంటుంది. ఉదాహరణకు, రూ. 20,000 ఖరీదు చేసే పెట్టె వాస్తవంగా 300 వాట్-గంటలు ఇచ్చి 500 సార్లు ఛార్జింగ్‌తో ముగిసిందనుకుంటే మొత్తం లభించేది 150 యూనిట్లు. యూనిట్ ఖరీదు సుమారు రూ. 133. రూ. 40,000 ఖరీదు చేసే మరొకటి 425 వాట్-గంటల చొప్పున 2500 సార్లు పనిచేస్తే యూనిట్ సుమారు రూ. 38కి లభిస్తుంది. సగం ధరకు కొన్నది మూడున్నర రెట్లు ఖరీదైనదన్నమాట.

ఈ లెక్కలో మరొక సత్యం కూడా ఉంది. మంచి పెట్టె విద్యుత్తు సైతం తీగ ద్వారా వచ్చే విద్యుత్తు కంటే ఎన్నో రెట్లు ప్రియం. స్ప్రేయరుకు అదనపు బ్యాటరీ ఒకటి కొని ఇంటివద్ద ఛార్జి చేసుకుంటే సరిపోయే రైతుకు పవర్ స్టేషన్ సిఫారసు చేయవలసిన పనే లేదు. తీగ చేరని చోట, పని ఆగితే పంట నష్టపోయే చోట మాత్రమే దానికి స్థానం ఉంది.

విస్తరణ వ్యవస్థ చేయవలసినది

ఒక వంగడాన్ని విడుదల చేసే ముందు బహుళ ప్రాంతాలలో పరీక్షించి, చిరుసంచుల ప్రదర్శనలు నిర్వహించడం వ్యవసాయ విశ్వవిద్యాలయాల సంప్రదాయం. విత్తన సంచిపై మొలక శాతం, ఎరువు బస్తాపై పోషకాల శాతం తప్పనిసరి చేసిన చట్టాలు దశాబ్దాలుగా అమలులో ఉన్నాయి. అయినప్పటికీ వివేకవంతుడైన రైతు విత్తేముందు గుడ్డలో గింజలు కట్టి మొలక చూసుకుంటాడు. విద్యుత్ పెట్టెకు మాత్రం ఈ మూడింటిలో ఏదీ లేకుండానే ప్రదర్శన క్షేత్రాలలో చోటు దొరకడం ఉచితం కాదు.

లిథియం సెల్‌లు, బ్యాటరీల భద్రతకు ఐఎస్ 16046 (భాగం 2) ప్రమాణం ఉంది. భారతీయ ప్రమాణాల సంస్థ వద్ద నమోదు తప్పనిసరి. ‘ఆర్’ అక్షరంతో మొదలయ్యే నమోదు సంఖ్యను బీఐఎస్ కేర్ యాప్‌లో సరిచూడవచ్చు. అయితే లోపలి బ్యాటరీకి ఉన్న నమోదు, ఇన్వర్టరు, తీగలు, సాకెట్లతో కూడిన పెట్టె మొత్తానికి హామీ కాదు. ఈ ఖాళీని పూరించడానికి కృషి విజ్ఞాన కేంద్రాలు, ఏరువాక కేంద్రాలు నాలుగు సులభ పరీక్షలు చేపట్టవచ్చు.

ఒకటి, బరువు. పేరున్న పరికరాలలో 500 వాట్-గంటల పెట్టె సుమారు 6 కిలోలు తూగుతుంది. అదే సామర్థ్యం చెప్పుకుంటూ 3 కిలోలే తూగితే అనుమానించవలసిందే.

రెండు, సామర్థ్యం. పూర్తిగా నింపిన 500 వాట్-గంటల పెట్టెకు 100 వాట్ల ఫిలమెంటు బల్బు తగిలించి, వాట్ మీటరుతో కొలిస్తే అది నాలుగు గంటలకు పైగా వెలగాలి. ఇదే ఈ పెట్టెకు మొలక పరీక్ష.

మూడు, వేడి. ముద్రించిన నిరంతర లోడుతో, మనిషి పర్యవేక్షణలో, ఆరుబయట నీడలో నడిపి సాకెట్, తీగ, పెట్టె ఉష్ణోగ్రతలను నమోదు చేయాలి. తీగ మెత్తబడినా, వాసన వచ్చినా అక్కడితో ఆపివేయాలి.

నాలుగు, విరామం. సగం ఛార్జితో మూడు నెలలు వదలివేసి మిగిలిన శాతాన్ని చూడాలి. అటక మీది నెలలకు ఇది నమూనా.

షార్టు చేయడం, అతిగా ఛార్జి చేయడం వంటి విధ్వంసక పరీక్షలను కేంద్రాలలో ఎట్టి పరిస్థితిలోనూ చేయరాదు. అవి గుర్తింపు పొందిన ప్రయోగశాలల పని. వేడి, దుమ్ము, రసాయనాల ప్రభావంపై పొలానికి తగిన పరీక్షా విధానాన్ని రూపొందించే సామర్థ్యం బాపట్ల, మడకశిర, కంది వ్యవసాయ ఇంజనీరింగ్ కళాశాలలకు ఉంది. అనంతపురం జిల్లా గార్లదిన్నెలోని వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ దానికి అధికారిక రూపం ఇవ్వగలదు. స్నాతకోత్తర విద్యార్థులకు ఇది రెండు రుతువులలో పూర్తికాగల పరిశోధనాంశం కూడా.

శిక్షణ కార్యక్రమాలలో చెప్పవలసిన జాగ్రత్తలు కొన్నే. ఛార్జింగ్ పగలు, మనిషి ఎదుట, పత్తికి, మందులకు, పడకకు దూరంగా జరగాలి. సగం ఛార్జితో చల్లని చోట నిల్వ చేసి మూడు నెలలకొకసారి సరిచూడాలి. ఉబ్బిన, నీట తడిసిన, కిందపడి చిట్లిన పెట్టెను తిరిగి ఛార్జి చేయరాదు. మంట లేస్తే పొగ పీల్చకుండా ముందు మనుషులు బయటపడాలి. ఆరినట్లు కనిపించినది గంటల తరువాత కూడా తిరిగి అంటుకోవచ్చు. ఆయుష్షు తీరిన బ్యాటరీని 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం వెనక్కి తీసుకునే బాధ్యత ఉత్పత్తిదారుదన్న విషయం కూడా రైతుకు తెలియాలి.

విశ్వవిద్యాలయం సిఫారసుకు గ్రామంలో విలువ ఉంది. ఆ విలువ కొలిచి చూసిన మాటకే దక్కుతూ వచ్చింది. కొలవని పెట్టెను రైతు చేతికిచ్చి, ఫలితాన్ని అతని ఇంట్లో చూడడం పరిశోధన అనిపించుకోదు. పై నాలుగు పరీక్షల ఫలితాలు నమోదయ్యే వరకు ఏ పవర్ స్టేషన్‌ను ప్రదర్శనలలోగాని, రాయితీ ప్రతిపాదనలలోగాని చేర్చకపోవడమే విస్తరణ వ్యవస్థ పాటించవలసిన నియమం.